పంట పోయింది, వివరములు పంపవలెను

ఎనిమిదిమంది అధికారులు పన్నెండు రోజులు ఒక చలిదేశంలో తిరిగి వచ్చారు. వాళ్లు వచ్చిన నాలుగు నెలలకు హనుమక్క షెడ్డుకు దుప్పటి పడింది.

దుప్పటి అనకూడదు. దాని పేరు ఉష్ణరక్షా కవచం. ఆ చలిదేశంలో రైతులు గాజు ఇళ్లలో కూరగాయలు పండిస్తారు. బయట మంచు కురుస్తుంటే లోపల హీటర్లు పెట్టుకుంటారు. హీటర్ల వేడిలో సగం కప్పులోంచి ఎగిరిపోతోందని కనిపెట్టి, కప్పు కింద రెండు పొరల తెర కట్టుకున్నారు. ఇంధనం మిగిలింది. మనవాళ్లు అది కళ్లారా చూశారు, చేత్తో తాకారు, పక్కన నిలబడి ఫొటోలు దిగారు. ఒక్కొక్కరూ రెండేసి స్వెట్టర్లు వేసుకుని ఉండడంవల్ల ఆ తెర ఎందుకు కట్టారన్నది వాళ్లకు అప్పుడు బాగానే అర్థమైంది. విమానం దిగి స్వెట్టర్లు విప్పాక మరిచిపోయారు.

హనుమక్కది గుడ్డంపల్లి. అనంతపురం జిల్లాలో ఎండకు పేరుపడ్డ ఊళ్లలో అదొకటి. ఆమె, భర్త కుళ్ళాయప్ప పదిహేనేళ్లు శనక్కాయ వేసి, వానకోసం ఆకాశంవైపు చూసి చూసి విసిగిపోయి, మూడేళ్ల కిందట ప్రభుత్వ సాయంతో అరెకరంలో ప్లాస్టిక్ కప్పు షెడ్డు వేయించుకున్నారు. అందులో క్యాప్సికం పెట్టారు. షెడ్డు పక్కల ఎత్తుకోవడానికి వీలుగా తెరలుండేవి. పొద్దెక్కగానే హనుమక్క తెరలు పైకి చుట్టేది. గాలి ఈ చివరనుంచి ఆ చివరకు పోయేది. మూడేళ్లూ చెట్టు చెట్టుకూ కాయ కాసింది. ఒక పనిని ఆమె పూర్తిగా నమ్మడం జీవితంలో అదే మొదలు.

షెడ్డు ఇచ్చినప్పుడు ఆమె సంతకం పెట్టిన కాగితంలో ముప్పై ఒకటో షరతు ఇలా ఉంది: "ఇకముందు ప్రభుత్వము ప్రవేశపెట్టబోవు ఏ మేలునైనను లబ్ధిదారు నిరాకరించరాదు. నిరాకరించినచో షెడ్డు ఊడదీయబడును."

ఆ మేలు మాఘమాసం చివర లారీలో వచ్చింది. దానివెంట జీపులో పథకం ప్రత్యేకాధికారి పరాంకుశరావు వచ్చాడు. చలిదేశం వెళ్లొచ్చిన ఎనిమిదిమందిలో ఆయన ఒకడు. షెడ్డు ముందు షామియానా వేశారు, మైకు పెట్టారు.

"ఈ కవచం ప్రత్యేకత ఏమనగా, లోపలి వేడిని ఎట్టి పరిస్థితుల్లోనూ ఇది బయటికి పోనివ్వదు" అన్నాడు పరాంకుశరావు.

చప్పట్లు మోగాయి. హనుమక్క లేచి నిలబడింది.

"సార్, వేడి బయటికి పోవాలనే గదా మేము తెరలెత్తేది?"

"అమ్మా, తమరి సందేహం సమంజసమే. అయితే అది పాత పద్ధతి. బయటికి పోయిన వేడి మళ్లీ తిరిగి వస్తుందా? రాదు. ఆ విధంగా ఈ జిల్లానుంచి ఇప్పటిదాకా ఎంత వేడి వృథాగా పోయిందో ఎవరైనా ఆలోచించారా?"

ఎవరూ ఆలోచించలేదు.

"పోతే పోనీలే సార్, ఇంగా శానా ఉండాది" అన్నాడు కుళ్ళాయప్ప. అతనికి మైకు ఇవ్వలేదు.

సాయంత్రానికి కప్పు కింద రెండు పొరల తెర కట్టారు. పక్కల తెరలు మళ్లీ ఎత్తకుండా కిందికి దించి బిగించారు. తలుపుకు ఒక గంట అమర్చారు. తలుపు పది సెకన్లకు మించి తెరిచి ఉంటే అది ఊరంతా వినబడేట్టు మోగుతుంది. వేడి పోతోందని హెచ్చరిక.

మూడు వారాలకు మొక్కలు మారిపోయాయి. రెండు పొరల కింద వెలుతురు తగ్గింది. మొక్కలు వెలుతురు వెతుక్కుంటూ సన్నగా, పాలిపోయి, కట్టిన తాళ్లు దాటి పైకి సాగాయి. పూసిన పూత పూసినట్టే రాలింది. ఆ మండలం ఉద్యాన సహాయకురాలు షమీమ్‌కు పదేళ్ల సర్వీసు ఉంది. ఆమె మొక్కను చూడగానే తల పట్టుకుంది. వెంటనే పరాంకుశరావుకు కబురు చేసింది.

పరాంకుశరావు టేపు పట్టుకుని వచ్చాడు. పది మొక్కలు కొలిచాడు. ఆయన మొహం విచ్చుకుంది.

"అద్భుతం! పాత షెడ్లలో కంటే మూరెడు ఎత్తు ఎక్కువ."

"సార్, అది ఎదుగుదల కాదు. నీడలో పడి సాగింది. కాండంలో బలం లేదు, ఒక్క కాయ నిలవలేదు" అంది షమీమ్.

"మేడం, పథకం ఫారంలో పదకొండో గడి పేరేమిటి?"

"మొక్క ఎత్తు సార్."

"కాయ అనే గడి ఉందా?"

"లేదు సార్."

"లేని గడి గురించి మనం మాట్లాడటం నిబంధనలకు విరుద్ధం."

హనుమక్క దోసిట్లో రాలిన పూత పట్టుకుని వచ్చింది. "సార్, ఇది సూడండి. పొద్దున్నుంచి ఏరింది. ఇదంతా కాయ కావాల్సింది. ఆ తెర తీసేయండి సార్, మీకు పున్యముంటాది."

పరాంకుశరావు ఆ పూతను సానుభూతితో చూశాడు. "అమ్మా, మొక్క కాయలు కాయడానికి శక్తి ఖర్చవుతుంది. కాయకపోవడంవల్ల ఆ శక్తి ఆదా అయింది. మన పథకం పేరేమిటి? ఇంధన పొదుపు. మొక్కకు అర్థమైంది, తమరికే ఇంకా అర్థం కాలేదు."

హనుమక్క పూతను నేలమీద పారబోయడానికి చేతులు రాక, కొంగులో మూటగట్టుకుని ఇంటికి పోయింది.

అసలు చిక్కు నెలాఖరుకు వచ్చింది. ప్రతి నెలా షమీమ్ కంప్యూటర్లో ఫారం నింపాలి. ఏడో గడిలో కవచానికి ముందు హీటర్లు కాల్చిన కరెంటు, ఎనిమిదో గడిలో కవచం తర్వాత కాల్చిన కరెంటు రాయాలి. తొమ్మిదో గడిలో పొదుపు ఎంత శాతమో కంప్యూటరే తేల్చుకుంటుంది. షమీమ్ ఏడో గడిలో సున్నా వేసింది, ఎనిమిదో గడిలోనూ సున్నా వేసింది. కంప్యూటర్ ఒప్పుకోలేదు. సున్నాలో ఎంత శాతం మిగిలిందో దానికి అంతుపట్టలేదు.

పరాంకుశరావు హుటాహుటిన గుడ్డంపల్లికి వచ్చాడు.

"ఏమమ్మా, తమరు ఇంతవరకు హీటరు వాడనేలేదా?"

"మేము హీటర్ని సూసిందే లేదు సార్. ఈడ ఎండకే సస్తాంటే హీటరెందుకు?"

"ఇది చాలా తీవ్రమైన విషయం. వాడకమే లేకపోతే పొదుపు ఎక్కణ్నుంచి వస్తుంది? తమరు ఏమీ ఖర్చు చేయకుండా ఉండిపోవడంవల్ల ప్రభుత్వం తమరి చేత ఏమీ పొదుపు చేయించలేకపోతోంది. ఒకరకంగా ఇది సహాయ నిరాకరణ."

వారంలో నాలుగు హీటర్లు దిగాయి. ఒక్కొక్కటి దూడంత ఉంది. నోరు తెరిస్తే వేడిగాలి చిమ్ముతుంది. పదిహేను రోజులు కవచం పక్కకు చుట్టి హీటర్లు తిప్పాలని, ఆ తర్వాత పదిహేను రోజులు కవచం పరిచి తిప్పాలని, రెండు పక్షాల్లోనూ కాలిన కరెంటు పోల్చి చూడాలని ఉత్తర్వు. అప్పటికి చైత్రం వచ్చింది. షెడ్డు లోపల నలభై నాలుగు డిగ్రీలు.

హీటర్లు తిరగలేదు. వాటికి సెన్సార్ ఉంది. పద్దెనిమిది డిగ్రీలకు దిగితే తప్ప అవి నోరు తెరవవు. షెడ్డులో అందరికంటే తెలివైనది ఆ సెన్సారేనని షమీమ్ తనలో తాను అనుకుంది.

"అంటే హీటర్లకు చలి వేయడంలేదన్నమాట. తప్పు మనదే. మనం వాటికి తగిన వాతావరణం కల్పించలేదు" అన్నాడు పరాంకుశరావు. మూడు రోజులు మీటింగులు జరిగాయి. నాలుగో రోజు హిందూపురం ఐస్ ఫ్యాక్టరీనుంచి వ్యానులో మంచుగడ్డలు వచ్చాయి.

మంచుగడ్డను గోనెసంచిలో చుట్టి సెన్సార్ చుట్టూ పేర్చాలి. సెన్సార్ చలికాలం వచ్చిందనుకుంటుంది, హీటర్లు తిరుగుతాయి. ఈ పనికి కుళ్ళాయప్పను నియమించారు. అతని హోదా 'శీతల నిర్వాహకుడు'. రోజూ పది గంటలకు వ్యాను వచ్చేది. ఊరి ఆడవాళ్లు చెంబులు, తపేలాలు పట్టుకుని దానికోసం ఎదురుచూసేవాళ్లు. ఆ ఎండాకాలం గుడ్డంపల్లిలో ప్రతి ఇంట్లోనూ చల్లటి మజ్జిగ తాగారు. పథకంవల్ల జరిగిన ఒకే ఒక్క మేలు ఇదే. దీన్ని ఏ ఫారంలోనూ ఎవరూ రాయలేదు.

"ఏమ్మే, నెత్తిన ఎండ, కింద హీటరు, నడాన మంచుగడ్డ" అన్నాడు కుళ్ళాయప్ప మొదటిరోజు భార్యతో. "ఇన్నేండ్ల సేద్యంలో ఇట్లా కాలం నేను యాడా సూడలే."

"నీకు నవ్వులాట. సెట్లను సూడు" అంది హనుమక్క.

చెట్లను చూడటం కష్టంగా ఉంది. హీటర్లకు ఎదురుగా ఉన్న వరుసల్లో ఆకులు అప్పడాల్లా ముడుచుకున్నాయి. హనుమక్క తెల్లవారకముందే వచ్చి ఒక్కో మొదలుకూ చెంబుతో నీళ్లు పోసేది. డ్రిప్పు నీళ్లు వేడెక్కి వస్తున్నాయని బావి నీళ్లు మోసేది. షమీమ్ చూసి కొంగు దోపుకుని తానూ రెండు బిందెలు మోసింది.

"మేడమ్మా, నువ్వు సదువుకున్నదానివి. ఇది తప్పని నీకు తెలీదా?"

"తెలుసక్కా. ఇప్పటికి నాలుగుసార్లు రాసినా. నాలుగుసార్లూ తిప్పి పంపినారు. కాగితం మార్జిన్ సరిగా లేదంట."

"నేను పోయి ఆ హీటర్లు ఆపేస్తే?"

"ముప్పై ఒకటో షరతు చూపిస్తారు. షెడ్డు పీకేస్తారు."

హనుమక్క బిందె ఎత్తుకుని మళ్లీ బావివైపు నడిచింది.

రెండో పక్షంలో కవచం పరిచారు. లోపల వేడి యాభై దాటింది. ఆ వేడికి మంచు త్వరగా కరిగిపోయి, సెన్సార్ తొందరగా తెలివి తెచ్చుకుని, హీటర్లు తక్కువసేపు తిరిగాయి. అందువల్ల కరెంటు తక్కువ కాలింది. కంప్యూటర్ మొదటిసారి సంతోషించింది. పొదుపు నలభై ఒక్క శాతం అని తేల్చింది. పరాంకుశరావుకు ప్రశంసాపత్రం వచ్చింది.

అదే వారం పంట చచ్చింది. ఒక వరుస అని కాదు, అరెకరమూ ఎండిపోయింది. హనుమక్క కూలీలను పిలవనివ్వలేదు. మూడు రోజులు తానే ఒక్కో మొక్కా వేరుతో లాగి, మన్ను దులిపి, గంపకెత్తి, దిబ్బలో వేసింది. కుళ్ళాయప్ప సాయం రాబోతే చేత్తోనే వారించింది. మూడోరోజు మధ్యాహ్నం ఖాళీ మళ్ల నడుమ కూర్చుని, ఎవరూ చూడటంలేదనుకుని ఏడ్చింది. షమీమ్ తలుపు దగ్గరే నిలబడి చూసింది. వెంటనే వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చుంది.

ఫారంలో రిమార్కుల గడి చాలా చిన్నది. పది పన్నెండు అక్షరాలకు మించి పట్టదు. ఉన్న చోటులో ఆమె ఉన్నమాట రాసింది: "పంట పోయింది."

రెండు రోజుల్లో పై ఆఫీసునుంచి జవాబు వచ్చింది.

"సదరు పంట ఎక్కడికి పోయినది, ఎవరి అనుమతితో పోయినది, తిరిగి ఎప్పుడు వచ్చును అను వివరములు మూడు దినములలో పంపవలెను."

షమీమ్ మూడుసార్లు చదివింది. పోవడమంటే చనిపోవడమని, పంట ఎండి చనిపోయిందని వివరంగా రాసి పంపింది. దానికీ జవాబు వచ్చింది.

"తొలుత పోయినదనియు, పిదప చనిపోయినదనియు వ్రాయుట పరస్పర విరుద్ధముగా నున్నది. చనిపోయినచో మరణ ధ్రువీకరణ జతపరచవలెను. పొదుపు నలభై ఒక్క శాతము, మొక్క ఎత్తు అద్భుతము అని నమోదైన షెడ్డులో పంట చనిపోవుటకు ఆస్కారము లేదు. కావున లబ్ధిదారు సదరు పంటను అనుమతి లేకుండ వేరొకచోటికి తరలించినట్లు అనుమానింపబడుచున్నది. విచారణ జరుపబడును."

ఇదే మాటలతో ఇంటికి వచ్చిన నోటీసును కుళ్ళాయప్ప చదివి వినిపించాడు. హనుమక్క మొదట నమ్మలేదు, రెండోసారి చదివించుకుంది. తర్వాత, పంట పోయిన రోజునుంచి మొదటిసారి, నవ్వింది. ఆ నవ్వు చూసి కుళ్ళాయప్పకు భయమేసింది.

"విచారణకు ఎవరొస్తారంట?"

"పరాంకుశరావు సారే."

"యాడ సేస్తారంట?"

"షెడ్డు లోపలనే. పంట పోయిన సోటే సేయాలని రూలంట."

"రానీ" అంది హనుమక్క.

రోహిణీకార్తె నడుస్తుండగా, పన్నెండున్నరకు జీపు వచ్చింది. పరాంకుశరావు ఫైలుతో దిగాడు. షెడ్డు నడుమ రెండు కుర్చీలు, ఒక బల్ల వేసి ఉన్నాయి. హీటర్లు తిరుగుతున్నాయి. విచారణ సమయంలో పరికరాలన్నీ పనిచేస్తుండాలని మార్గదర్శకాల్లో ఉంది. కుళ్ళాయప్ప అందుకే రెండు మంచుగడ్డలు ఎక్కువ పెట్టాడు. మార్గదర్శకాలు రాసింది పరాంకుశరావే.

ఆయన కూర్చుని నుదురు తుడుచుకున్నాడు. "కొంచెం తలుపు తెరిచి ఉంచండి."

"వొద్దు సార్, గంట మోగుతాది" అంది హనుమక్క వినయంగా. "వేడంతా పోతాది. పోయిన వేడి మళ్లా వస్తాదా సార్?"

పరాంకుశరావు ఫైలు తెరిచాడు. అందులో పద్దెనిమిది ప్రశ్నలున్నాయి.

"మొదటి ప్రశ్న. తమరి పూర్తి పేరు?"

"మా నాయన పెట్టిందా సార్, అత్తగారింట్లో పిలిసేదా?" హనుమక్క తీరిగ్గా కొంగు సర్దుకుంది. "మా నాయన పెట్టిందంటే అదొక పెద్ద కథ సార్. నేను పుట్టినప్పుడు మా జేజి..."

"క్లుప్తంగా చెప్పండి!"

"వాంగ్మూలం పూర్తిగా రాయాలని ఉంది సార్, ఆరో పేజీలో" అంది షమీమ్. ఆమె రాసుకోవడానికి వచ్చింది. ముందుగానే తలకు తడి తువ్వాలు చుట్టుకుంది.

ఆ నాయనమ్మ కథ ముగిసేసరికి పరాంకుశరావు కళ్లజోడు ఆవిరి పట్టింది. రెండో ప్రశ్నకు కోటు విప్పాడు. మూడో ప్రశ్న, పంటను ఎప్పుడు చివరిసారి చూశారన్నది, సగం చదివి ఆగిపోయాడు. చేతిలోని కాగితం చెమటకు తడిసి అక్షరాలు అలికిపోయాయి.

"నీళ్లు" అన్నాడు.

"ఇస్తా సార్. ముందు నేనొక మాట సెప్తా, రాసుకోండి." హనుమక్క గొంతు మారింది. "మీరు కూసుని ఎంతసేపైంది? ఇరవై నిమిషాలు. మీకు కాళ్లుండాయి, లేసి పోతారు. నా సెట్లకు కాళ్లు లేవు. నెలరోజులు నిలబడి ఈ వేడంతా అవే మోసినాయి. యాడికీ పోలేదు సార్. ఈడనే సచ్చినాయి."

పరాంకుశరావు ఆమెవైపు చూశాడు. ఆ క్షణంలో ఆయనకు అంతా అర్థమైందని షమీమ్ ఇప్పటికీ ఒట్టేసి చెబుతుంది. ఆయన లేచాడు, తూలాడు, తలుపు తోసుకుని బయటపడ్డాడు. గంట ఊరంతా వినబడేట్టు మోగింది. ఆయన వేపచెట్టు కింద పడుకుని మూడు చెంబుల మజ్జిగ తాగాడు.

నివేదిక నాలుగో రోజున వెలువడింది. షమీమ్, హనుమక్క, కుళ్ళాయప్ప కలిసి చదివారు. "విచారణలో వెల్లడైనదేమనగా, షెడ్డు లోపలి వాతావరణము భరింపరానిదిగా నున్నది" అని మొదలైంది. హనుమక్క కళ్లు మెరిశాయి. "ఇట్టి వాతావరణములో తనిఖీ అధికారులు విధులు నిర్వర్తించుట దుర్లభము. కావున అధికారుల కొరకు షెడ్డు లోపల ఏసీ గది నిర్మింపవలెను. కవచము వలన ఫారములు చదువుటకు వెలుతురు చాలకున్నందున, సదరు గది పైభాగమున మాత్రము కవచము తొలగింపవలెను. తనిఖీ ఎప్పుడైనను జరుగవచ్చును గనుక ఏసీ సదా నడుచుచుండవలెను."

పంట గురించి చివర ఒక్క వాక్యం ఉంది: "పంట ఆచూకీ తెలియరాలేదు."

ప్రభుత్వంలో ఏ పనికైనా ఏడాది పడుతుంది. ఈ గదికి తొమ్మిది రోజులే పట్టాయి. గోడలు, కప్పు అన్నీ గాజే. పైన వెలుతురు, లోపల ఇరవై నాలుగు డిగ్రీలు. నడుమ ఒక బల్ల, రెండు సోఫాలు. తాళంచెవి షమీమ్‌కు ఇచ్చారు. తనిఖీ మూడు నెలలకొకసారి.

తాళం తీసిన రోజు హనుమక్క గడప మీద నిలబడి లోపలికి చెయ్యి పెట్టి చూసింది. తలెత్తి వెలుతురు చూసింది. తర్వాత షమీమ్ మొహం చూసింది.

"మేడమ్మా, ఈడ సెట్లు పెట్టకూడదని యాడన్నా రాసినారా?"

షమీమ్ మార్గదర్శకాలు మొదటినుంచి చివరివరకు చదివింది. ఎక్కడా లేదు. రాసినవాళ్లకు షెడ్డులో మొక్కలుండొచ్చన్న ఊహే రాలేదు.

"లేదక్కా" అంది. "నారు ఎప్పుడు తెస్తావు?"

మూడు నెలలు గడిచాయి. వానలు మొహం చాటేసి, భాద్రపదం ఎండ మాడ్చేస్తున్న ఒక మధ్యాహ్నం పరాంకుశరావు తనిఖీకి వచ్చాడు. షెడ్డులోకి అడుగు పెట్టగానే వేడి మొహాన కొట్టింది. గబగబా ఏసీ గదివైపు నడిచి తలుపు లాగాడు.

లోపల అడుగు పెట్టే సందు లేదు. నేలమీద, బల్లమీద, సోఫాలమీద మట్టి నింపిన సంచులున్నాయి. సంచి సంచికీ మోకాలెత్తు మొక్క, గట్టి కాండం, ముదురాకుపచ్చ ఆకులు, గుప్పెడేసి కాయలు. కొన్ని అప్పుడే ఎరుపు తిరుగుతున్నాయి. హనుమక్క నడుమ కూర్చుని పక్కకొమ్మలు గిల్లుతోంది. పరాంకుశరావు కాసేపు అలా చూస్తూ నిలబడ్డాడు. చలిదేశం వెళ్లొచ్చాక ఆయన కాయలు కాసిన పంటను ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదలు.

తర్వాత చెమట తుడుచుకుని, "ఇది అధికారుల గది. మరి నేను ఎక్కడ కూర్చోవాలి?" అన్నాడు.

హనుమక్క కాయను తిప్పి చూస్తూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"బయట అరెకరం ఉండాది గదా సార్. అంతా ఖాళీనే. కవచం కింద మీకు యాడ బాగుంటే ఆడ కూసోండి."